గాలివానకు ఇల్లో షెడ్డో దెబ్బతింటే: ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కు న్యాయ సాయం ఎలా పొందాలి?

నల్లగొండ, పాలమూరు వైపు ఎండాకాలం చివర్లో వచ్చే గాలిదుమారం చాలాసార్లు అరగంట కూడా ఉండదు. ఆ కాసేపట్లోనే రేకులు లేచి పక్క చేనులో పడతాయి, కోళ్ల షెడ్డు ఒక పక్కకు ఒరుగుతుంది, గోదాంలో బస్తాలు తడిసిపోతాయి. 2024 మే నెలాఖరులో నాగర్‌కర్నూల్ జిల్లాలో వచ్చిన గాలివానకు తాడూరు మండలం ఇంద్రకల్‌లో కడుతున్న కోళ్ల షెడ్డు గోడ కూలి మనుషులే చనిపోయారు. ప్రాణం దక్కిన చోట మిగిలేది ఇల్లు, షెడ్డు మళ్లీ ఎట్లా నిలబెట్టుకోవాలన్న దిగులు.

మా బావకు నకిరేకల్ దగ్గర కోళ్ల షెడ్డు ఉంది. ఒక మే నెలలో దాని రేకులు సగం పోయాయి. ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాడు. మూడు నెలలకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది: రేకులు పాతవి, బోల్టులు తుప్పు పట్టాయి, నష్టం గాలి వల్ల జరగలేదు, క్లెయిమ్ ఇవ్వలేం. అప్పుడు వకీలు దగ్గరికి పరుగెత్తాం. ఆయన మొదట అడిగింది, "ఫోటోలు ఎప్పుడు తీశారు?" అని. మా దగ్గర ఉన్నవన్నీ షెడ్డు ఊడ్చి శుభ్రం చేశాక తీసినవే. ఆ రోజు మా ఇద్దరికీ నోట మాట రాలేదు. మీకు అట్లా కాకూడదనే ఇదంతా మొదటి రోజు నుంచి రాస్తున్నాను.

1. గాలి ఆగిన వెంటనే

ముందు కరెంటు సంగతి చూసుకోండి. తెగిన తీగ ఉంటే ఎవరినీ దగ్గరికి పోనివ్వకండి. తర్వాత ఫోన్ తీసి, ఏదీ కదపకముందే వీడియో తీయండి. గేటు దగ్గర మొదలుపెట్టి నాలుగు వైపులా తిరగండి. రేకు ఎంత దూరంలో పడిందో, బోల్టు ఎక్కడ ఊడిందో, ఏ దూలం వంగిందో దగ్గరగా చూపించండి. చాలామంది మరిచిపోయేది ఒకటుంది: మీ ఇల్లు ఒక్కటే కాదు, పక్కన పడిన వేపచెట్టు, ఒరిగిన కరెంటు స్తంభం, పక్కింటి లేచిన రేకులు కూడా తీయండి. ఊరంతా దెబ్బతింటే, మీ రేకులు మాత్రం తుప్పు వల్లే పడ్డాయని చెప్పడం కష్టం.

మరింత నష్టం కాకుండా టార్పాలిన్ కప్పుకోవచ్చు, కప్పుకోవాలి కూడా. చేతనైన జాగ్రత్త తీసుకోలేదని కంపెనీ తర్వాత అనగలదు. దానికైన ఖర్చు బిల్లులు దాచండి. విరిగిన రేకులను మాత్రం సర్వేయర్ (నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపే మనిషి) చూసేదాకా పాత సామాన్లవాళ్లకు అమ్మొద్దు.

అదే రోజు కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. ఫోన్‌తో ఆపకుండా ఈమెయిల్ కూడా పంపండి. ఏజెంటుకు చెప్పాం కదా అనుకుని ఊరుకోవడం పెద్ద పొరపాటు. కంపెనీకి చెప్పినట్టు మీ చేతిలో రుజువు ఉండాలి. గాలివాన నష్టం కూడా కవర్ చేసే పాత తరహా అగ్ని ప్రమాద పాలసీల్లో నష్టం జరిగిన 15 రోజుల్లో రాతపూర్వకంగా క్లెయిమ్ ఇవ్వాలన్న షరతు ఉంటుంది.

2. అసలు పాలసీ ఏముందో వెతకండి

బ్యాంకు లోను ఉన్న ఇంటికి, షెడ్డుకు చాలాసార్లు బ్యాంకే ఇన్సూరెన్స్ చేయించి ఉంటుంది. ఇంటి యజమానికి ఆ సంగతే తెలియదు. ఖాతాలో ఏటా కట్ అయిన ప్రీమియం చూసి, బ్రాంచికి పోయి పాలసీ కాపీ అడగండి.

2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు భారత్ గృహ రక్ష, 5 కోట్ల రూపాయల లోపు ఆస్తులున్న చిన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే ప్రామాణిక పాలసీలు వచ్చాయి. వీటిలో తుఫాను, గాలివాన నష్టాలు కవర్ అవుతాయి. మీ దగ్గర వేరే పాలసీ ఉంటే తుఫాను, వరద కవర్ ఉందో లేదో చూడండి. కొందరు ప్రీమియం తగ్గుతుందని దాన్ని తీసేయించుకుంటారు.

ఇంకో మెలిక బీమా మొత్తం తక్కువగా ఉండటం. షెడ్డు విలువ 20 లక్షలైతే మీరు 10 లక్షలకే చేయించారనుకోండి. 2 లక్షల నష్టానికి 1 లక్షే లెక్కగట్టే షరతు వ్యాపార పాలసీల్లో ఉంటుంది. భారత్ గృహ రక్షలో ఈ కోత లేదు. ఇది తెలియక, కంపెనీ అన్యాయం చేసిందని కేసు వేసి ఓడిపోయేవాళ్లున్నారు. వకీలుకు ఫీజు కట్టే ముందు ఈ లెక్క సరిచూసుకోండి.

3. ఆ రోజు గాలి వీచిందని కాగితం సంపాదించండి

మా బావ కేసు మలుపు తిరిగింది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. కంపెనీ నోటి మాట నమ్మదు, వాతావరణ రికార్డు అడుగుతుంది. మన తెలంగాణ రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థకు మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. వాన ఎంత కురిసిందో, గాలి ఎంత వేగంతో వీచిందో అక్కడ నమోదవుతుంది. హైదరాబాద్ వాతావరణ కేంద్రం ఆ రోజు ఇచ్చిన హెచ్చరిక కూడా పనికొస్తుంది. మీ మండల కేంద్రం వేరే ఊళ్లో ఉండి అక్కడ గాలి తక్కువ నమోదైనా కంగారుపడకండి. ఇట్లాంటి గాలి ఒక ఊరిని కొట్టి పక్క ఊరిని వదిలేస్తుంది. ఆ లోటును మిగతా రుజువులు పూడుస్తాయి.

అవేంటంటే, మొదటిది కరెంటు ఆఫీసు. మన రెండు పాత జిల్లాలూ దక్షిణ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కిందకే వస్తాయి. ఏ రోజు ఏ ఫీడర్ (కరెంటు లైను) ట్రిప్ అయింది, ఎన్ని స్తంభాలు పడ్డాయి అన్నది సబ్‌స్టేషన్ రికార్డులో ఉంటుంది. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. రెండోది రెవెన్యూ పంచనామా. గాలివాన తర్వాత తహసీల్దారు ఆఫీసు నుంచి నష్టం రాసుకోవడానికి వస్తారు, అందులో మీ ఆస్తి పేరు ఎక్కేలా చూడండి. ఇల్లు దెబ్బతిన్నవాళ్లకు విపత్తు సాయం కింద ప్రభుత్వం ఇచ్చే డబ్బు వేరు, ఇన్సూరెన్స్ వేరు. దరఖాస్తు రెండింటికీ పెట్టండి. మూడోది మరుసటి రోజు పత్రికల జిల్లా ఎడిషన్. మీ ఊరి పేరు ఉన్న వార్త కత్తిరించి తేదీతో సహా దాచండి.

బావ షెడ్డు పక్క ఫీడర్‌లో అదే సాయంత్రం స్తంభాలు విరిగాయని మాకు కాగితం దొరికింది. ఫోటోలు చేయలేని పని ఆ కాగితం చేసింది.

4. సర్వేయర్ వచ్చినప్పుడు

ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో గడువులు కుదించింది. క్లెయిమ్ తెలిపిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి, 15 రోజుల్లో ఆయన నివేదిక తెప్పించుకోవాలి, అది అందాక 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. ఈ తేదీలు ఒక డైరీలో రాసుకోండి, తర్వాత ఫిర్యాదులో పనికొస్తాయి.

సర్వేయర్‌ను పంపేది, ఫీజు ఇచ్చేది కంపెనీయే. మర్యాదగా మాట్లాడండి, అన్నీ చూపించండి, తోడుగా షెడ్డు కట్టిన మేస్త్రీని ఉంచుకోండి. రిపేరుకు ఎంతవుతుందో మేస్త్రీతోనో, వీలైతే సివిల్ ఇంజినీరుతోనో రాతపూర్వకంగా ఎస్టిమేటు వేయించి ఇవ్వండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఖాళీ ఫారం మీద మాత్రం సంతకం పెట్టొద్దు.

సర్వేయర్ రాసిందే వేదం కాదు. అది చివరి మాట కాదని 2009లో ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నివేదిక కాపీ మీకు ఇవ్వమని రాసి అడగండి.

5. తక్కువ ఇస్తామన్నా, ఇవ్వమన్నా

తిరస్కరిస్తే కారణాలతో ఉత్తరం ఇవ్వమనండి. ఆ ఉత్తరం చాలా విలువైనది. అందులో రాయని కొత్త కారణాన్ని కంపెనీ తర్వాత కేసులో ముందుకు తేవడాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

తక్కువ మొత్తం పంపి, పూర్తిగా ముట్టిందని వోచర్ మీద సంతకం అడగడం మామూలే. చేతిలో డబ్బు లేక చాలామంది పెట్టేస్తారు. అట్లా సంతకం పెట్టినంత మాత్రాన పాలసీదారు కోర్టుకు వెళ్లే హక్కు పోదని ఐఆర్‌డీఏఐ 2015 సెప్టెంబరు 24న సర్క్యులర్ ఇచ్చింది. అయినా కంపెనీలు ఆ సంతకాన్నే చూపించి వాదిస్తాయి. కాబట్టి తీసుకునేటప్పుడే, మిగతా మొత్తం మీద నా హక్కు వదులుకోవడం లేదని ఒక ఈమెయిల్ పెట్టండి.

తర్వాత కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. రెండు వారాల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు, 155255కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తీర్పు ఇవ్వరు. కంపెనీ మీద ఒత్తిడి మాత్రం పెరుగుతుంది.

6. ఏ గుమ్మం ఎక్కాలి?

మూడు దారులున్నాయి. తెలిసినవాళ్లెవరో చెప్పారని ఏదో ఒకటి ఎంచుకోవద్దు.

మొదటిది ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే కంపెనీల మీద పాలసీదారుల ఫిర్యాదులు విని తేల్చే అధికారి. మన రాష్ట్రానికి ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలును పెట్టుకోనివ్వరు, మీరే మాట్లాడాలి. 50 లక్షల వరకు పరిహారం ఇప్పించగలరు. వ్యక్తులతో పాటు సొంత పేరు మీద వ్యాపారం చేసుకునేవాళ్లు, సూక్ష్మ పరిశ్రమలవాళ్లు కూడా వెళ్లవచ్చు. ముందుగా కంపెనీకి ఫిర్యాదు చేసి ఉండాలి. వాళ్లు కాదని ఉండాలి, లేదా నెల రోజులైనా జవాబు ఇవ్వకుండా ఉండాలి. ఆ తర్వాత ఏడాదిలోపు రావాలి. అదే విషయం మీద కోర్టులో కేసు నడుస్తూ ఉండకూడదు. ఇక్కడి తీర్పు కంపెనీని కట్టిపడేస్తుంది, మీకు నచ్చకపోతే మీరు వేరే చోటికి పోవచ్చు. నన్నడిగితే చాలా ఇళ్ల క్లెయిములకు ముందు ఇదే మంచిది. బావ కూడా ఇక్కడికే వెళ్లాడు, అడిగినదాంట్లో ఎక్కువ భాగం వచ్చింది.

రెండోది శాశ్వత లోక్ అదాలత్. చట్టం ఇన్సూరెన్స్‌ను ప్రజోపయోగ సేవగా లెక్కిస్తుంది కాబట్టి కోటి రూపాయల వరకు తగాదా ఇక్కడికి తేవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదరకపోతే వాళ్లే తీర్పు ఇవ్వగలరు. మీకు ఏది దగ్గరో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

మూడోది జిల్లా వినియోగదారుల కమిషన్. నల్లగొండలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి ఉన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. ఇక్కడ చూసేది మీరు కట్టిన ప్రీమియం, అడిగే పరిహారం కాదు. ప్రీమియం 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే, 5 లక్షల లోపైతే ఫీజే లేదు. అంటే దాదాపు మనందరికీ ఉచితమే. గడువు రెండేళ్లు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో వేయవచ్చు, సందేహాలకు 1915 హెల్ప్‌లైన్ ఉంది. మీది వ్యాపారం, మీరు వినియోగదారు కాదు అని మిల్లులవాళ్లతో, కోళ్ల ఫారాలవాళ్లతో కంపెనీలు వాదించేవి. ఇన్సూరెన్స్ తీసుకునేది నష్టం పూడ్చుకోవడానికే తప్ప లాభానికి కాదని 2023 ఏప్రిల్‌లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మిర్యాలగూడ మిల్లులవాళ్లు ఈ కేసు పేరు గుర్తు పెట్టుకోవాలి.

7. వకీలు

కమిషన్‌లో సొంతంగా వాదించుకోవచ్చు. కానీ నష్టం పెద్దదైతే, సర్వేయర్ నివేదికను తప్పుపట్టాల్సి వస్తే వకీలు కావాలి.

డబ్బు లేదని ఆగిపోవద్దు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలును పొందవచ్చు. పెద్ద విపత్తులో నష్టపోయినవాళ్లు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు కూడా అర్హులే. షెడ్డు, ఇల్లు భార్య పేరు మీద ఉంటే ఆమే దరఖాస్తు పెట్టవచ్చు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఫీజు ఇచ్చి పెట్టుకునేట్టయితే, ఇన్సూరెన్స్ కేసులు ఎన్ని వాదించారో నేరుగా అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. ఫీజు ఎంతో, ఎన్ని విడతల్లోనో కాగితం మీద రాయించుకోండి. గెలిస్తే వచ్చిన డబ్బులో ఇంత శాతం అని వకీలు బేరం పెట్టడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. గాలివాన తర్వాత ఊళ్లలోకి వచ్చి, క్లెయిమ్ ఇప్పిస్తాం, ముప్పై శాతం ఇవ్వండి అనే మధ్యవర్తులకు పాలసీ ఒరిజినల్, సంతకం చేసిన చెక్కు అస్సలు ఇవ్వొద్దు.

వకీలు దగ్గరికి మొదటిసారి వెళ్లేటప్పుడు పాలసీ, ఫోటోలు, కంపెనీతో నడిచిన ఉత్తరాలు, సర్వే నివేదిక, ఎస్టిమేటు, వాతావరణ రికార్డు తేదీల వరుసలో పెట్టి ఒక ఫైలుగా తీసుకెళ్లండి. లీగల్ నోటీసు స్పీడ్ పోస్టులో వెళ్తే రసీదు అదే ఫైలులో పెట్టండి.

కమిషన్‌లో గెలిచాక కంపెనీ రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు పోవాలంటే 45 రోజుల్లో పోవాలి, ఆర్డరు మొత్తంలో సగం ముందు జమ చేయాలి. అప్పీలుకూ పోక, డబ్బూ కట్టక నాన్చితే ఆర్డరు అమలుకు అదే కమిషన్‌లో పిటిషన్ వేయండి. ఆర్డరును లెక్కచేయనివాళ్లకు జైలు శిక్ష వేసే అధికారం కూడా కమిషన్‌కు ఉంది.