డ్రాఫ్ట్‌లో పేరు రాకపోతే: ఊరూరా తిరిగి ఆడే బాస్కెట్‌బాల్ ఆటగాడి దారి

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండు రౌండ్లూ కలిపి 60 మందికి మించి పిలుపు రాదు. 30 జట్లలో ఒక్కోదానికి 15 మామూలు స్థానాలు, 3 టూ-వే స్థానాలు (ఎన్‌బీఏకూ, దాని కింది స్థాయి జీ లీగ్‌కూ మధ్య తిరుగుతూ ఆడేవి) ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం ముందే నిండి ఉంటాయి. కాలేజీ ఆట ముగిసి పేరు రానివాళ్లకు జట్లూ దేశాలూ మారుతూ ఆడే దారి మిగులుతుంది. అది చిన్న దారేం కాదు. 2010లో ఎవరూ ఎంచుకోని ఇష్ స్మిత్ 13 ఎన్‌బీఏ జట్లకు ఆడి రికార్డు సృష్టించాడు, 2023లో డెన్వర్‌తో టైటిల్ కూడా గెలిచాడు. ఈ దారిలో షాట్ ఎంత ముఖ్యమో తేదీలు, ఒప్పందంలోని షరతులు అంతే ముఖ్యం. ఆట బాగున్నవాళ్లు కూడా తప్పు నెలలో తప్పు కాగితం మీద సంతకం పెట్టి ఏడాది పోగొట్టుకుంటారు.

జూన్ నుంచి అక్టోబరు

డ్రాఫ్ట్ ముగిసిన రాత్రే ఏజెంట్లకు జట్ల నుంచి ఫోన్లు వస్తాయి. ముందు జులైలో లాస్ వేగాస్ సమ్మర్ లీగ్‌లో చోటు, తర్వాత ఎగ్జిబిట్ 10 ఒప్పందం (శిక్షణ శిబిరానికి పిలిచే, గ్యారంటీ లేని ఏడాది ఒప్పందం) అడగాలి. శిక్షణ శిబిరానికి జట్టు 21 మందిని తీసుకోవచ్చు. అక్కడ తీసేశాక మీరు ఆ జట్టు అనుబంధ జీ లీగ్ జట్టులో 60 రోజులు ఉంటే బోనస్ వస్తుంది. 2024-25లో దాని పరిమితి 77,500 డాలర్లు. సీజన్ మొదలయ్యేలోగా ఎగ్జిబిట్ 10ను టూ-వేగా మార్చే వీలు కూడా జట్టుకు ఉంది.

బోనస్ ఎక్కువ ఇస్తామన్నారని జట్టును ఎంచుకోవద్దు. వాళ్ల టూ-వే స్థానాల్లో ఎన్ని ఖాళీ, మీ స్థానంలో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఎవరికి గాయాల చరిత్ర ఉంది అన్నవి చూడండి. 60 రోజులు నిండకముందే వేరే దేశం నుంచి ఆఫర్ వచ్చిందని వెళ్లిపోతే బోనస్ పోతుంది. ఆ కొత్త జీతం పోయిన బోనస్‌ను కూడా పూడుస్తుందో లేదో లెక్క వేసుకుని కదలాలి.

జీ లీగ్, పది రోజుల ఒప్పందం

జీ లీగ్ మూల జీతం 2024-25లో 43,000 డాలర్లు. బస జట్టే చూసుకుంటుంది. తక్కువ డబ్బుకు ఇక్కడ ఆడటానికి ఒక కారణం ఉంది: మామూలు జీ లీగ్ ఆటగాణ్ని 30 ఎన్‌బీఏ జట్లలో ఏదైనా పిలవచ్చు. టూ-వేలో జీతం చాలా ఎక్కువ (అదే సీజన్‌లో సుమారు 5.78 లక్షల డాలర్లు), కానీ ఆ ఒక్క జట్టుకే కట్టుబడి ఉండాలి. ఎన్‌బీఏలో 50 మ్యాచ్‌లకు మించి ఆడించరు, ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ దశలో) అసలు దింపరు. మామూలు ఒప్పందంగా మార్చితేనే ఆ హద్దులు తొలగుతాయి. అలెక్స్ కరూసో 2017లో లేకర్స్‌తో టూ-వేలో మొదలుపెట్టి 2020లో అదే జట్టుతో టైటిల్ గెలిచాడు.

జనవరి మొదటి వారం మీది. 5వ తేదీ నుంచి పది రోజుల ఒప్పందాలు మొదలవుతాయి. గ్యారంటీ లేని ఒప్పందాలు (తీసేస్తే మిగతా జీతం ఇవ్వనక్కర్లేనివి) 10న పూర్తి గ్యారంటీగా మారిపోతాయి. వదిలేసినవాణ్ని వేరే జట్లు అందుకునే గడువు (వేవర్లు) 48 గంటలు కాబట్టి, వద్దనుకున్నవాళ్లను జట్లు 7వ తేదీలోపే వదిలేస్తాయి. ఆ వారంలో స్థానాలు ఖాళీ అవుతాయి, ఆ సమయానికి మీరు ఫిట్‌గా, అమెరికాలోనే ఉండాలి. ఒప్పందం పది రోజులు లేదా మూడు మ్యాచ్‌లు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ఒకే జట్టుతో సీజన్‌లో రెండుసార్లే చేసుకోవచ్చు. ఆ తర్వాత మిగిలిన సీజన్ మొత్తానికి తీసుకోవాలి, లేదా వదిలేయాలి. కొత్త ఆటగాడికి 2024-25లో ఒక్కో పది రోజులకు 66,503 డాలర్లు వచ్చాయి.

పిలుపు వచ్చిన రోజు ప్రాక్టీసే ఉండకపోవచ్చు. ప్లేబుక్ (జట్టు వేసే ఆటల పుస్తకం) మొత్తం ఒక్క రాత్రిలో బట్టీ పట్టబోతే అన్నీ కలగాపులగం అవుతాయి. అసిస్టెంట్ కోచ్‌ను పట్టుకుని ముందు డిఫెన్స్ అడగండి: పక్కన జరిగే పిక్ అండ్ రోల్‌కు (బంతి ఉన్నవాడి కోసం తోటివాడు డిఫెండర్‌కు అడ్డు నిలిచి, తర్వాత బుట్ట వైపు కదిలే ఆట) ఏం చేస్తారు, మధ్యలో జరిగితే ఏం చేస్తారు, స్విచ్‌కు (ఇద్దరు డిఫెండర్లు తాము కాసేవాళ్లను మార్చుకోవడానికి) ఏ మాట అరుస్తారు, వెనక్కి పరుగెత్తేటప్పుడు ఎవరు ఎవరిని పట్టుకోవాలి. ఆ తర్వాత సైడ్‌లైన్ ఇన్‌బౌండ్ ఆటలు (పక్క గీత బయటి నుంచి బంతి లోపలికి వేసేవి) రెండు మూడు, అందులో రెండు వింగ్ స్థానాలూ (కోర్టుకు ఇరుపక్కలా ఉండేవి) నేర్చుకుంటే చాలు. కొత్తవాడు షాట్ తప్పితే కోచ్ పట్టించుకోడు. కవరేజ్ (డిఫెన్స్‌లో తన బాధ్యత) తప్పి ఎదుటివాడికి ఖాళీ లేఅప్ ఇస్తే మాత్రం బెంచీ మీదికి పిలుస్తాడు.

విదేశీ ఒప్పందం: ఒక్కో లైనూ చదవాల్సింది ఇక్కడే

యూరప్ క్లబ్బులు జూన్ నుంచి ఆగస్టు మధ్యలో జట్లు కట్టుకుంటాయి. ఎన్‌బీఏ శిబిరం కోసం అక్టోబరు దాకా ఆగితే మంచి చోట్లు నిండిపోతాయి, గాయపడినవాడి స్థానంలో నవంబరులో దొరికే పని మిగులుతుంది. మొదటి ఏడాది పెద్ద పేరున్న క్లబ్బు కన్నా 30 నిమిషాలు ఆడించే క్లబ్బు మేలు. జర్మనీ, ఫ్రాన్స్‌లలో లైసెన్స్ ఇచ్చే ముందు క్లబ్బు ఆర్థిక స్థితిని ఏటా పరిశీలిస్తారు. అందుకే తొలి విదేశీ ఏడాదికి మా సలహా ఆ రెండు దేశాలే.

మొదట వైద్య పరీక్ష షరతు చూడండి. దిగాక 48 నుంచి 72 గంటల్లో పరీక్ష పూర్తి చేయాలనీ, గడువు దాటితే నెగ్గినట్టేననీ రాయించండి. అది లేకపోతే క్లబ్బు మిమ్మల్ని రెండు వారాలు ప్రాక్టీసులో చూసి, నచ్చకపోతే మోకాలి పేరు చెప్పి పంపేస్తుంది. పాత ఎంఆర్‌ఐ స్కాన్లు, సర్జరీ కాగితాల నకళ్లు మీ దగ్గరే ఉంచుకోండి.

జీతం పన్ను పోగా చేతికొచ్చే మొత్తంగా రాయాలి. పన్ను కట్టినట్టు క్లబ్బు ధ్రువపత్రం ఇవ్వాలన్న మాట కూడా చేర్చండి. అమెరికా పౌరుడు ఎక్కడ సంపాదించినా స్వదేశంలో చూపించాల్సిందే, ఆ పత్రం లేకపోతే చిక్కు. ఇల్లు, కారు, రానుపోను టికెట్లు, సుమారు 10 శాతం ఏజెంట్ ఫీజు సాధారణంగా క్లబ్బు భరిస్తుంది. ఎన్‌బీఏలో మాత్రం ఫీజు ఆటగాడి జేబులోంచే పోతుంది, అది 4 శాతం దాటకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనవి ఆలస్యం షరతు, వివాద పరిష్కార షరతు. జీతం ఇన్ని రోజులు ఆలస్యమైతే ప్రాక్టీసుకు రానక్కర్లేదని, ఇంకా ఇన్ని రోజులు దాటితే మిగిలిన మొత్తం డబ్బుతో సహా ఒప్పందం రద్దు చేసుకోవచ్చని అంకెలతో రాయించాలి. వివాదం బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్‌కు (మధ్యవర్తిత్వ సంస్థకు) వెళ్తుందన్న వాక్యం ఉండి తీరాలి. ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా 2007లో జెనీవా కేంద్రంగా దీన్ని ఏర్పాటు చేసింది. ఒక్క ఆర్బిట్రేటర్ ఉంటాడు, ఎక్కువగా కాగితాల మీదే తీర్పు వస్తుంది. తీర్పు ప్రకారం డబ్బు కట్టని క్లబ్బు కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫీబా నిషేధించగలదు. ఆ వాక్యం లేకపోతే మీకు దిక్కు ఆ దేశపు కోర్టే.

గొడవ వచ్చినప్పుడు కోపంతో విమానం ఎక్కేస్తే క్లబ్బు మీరే పారిపోయారని వాదిస్తుంది. ఆలస్యమైన మొదటి రోజే ఏజెంట్‌కు కాపీ పెట్టి ఈమెయిల్ రాయండి, ఎంత బాకీ, ఏ తేదీది అని. గడువు తీరేదాకా ప్రాక్టీసుకు వెళ్తూనే ఉండండి. మధ్యలో తీసేస్తూ ఇచ్చే సెటిల్‌మెంట్ కాగితంలో మిగిలిన జీతం వదులుకున్నట్టు వాక్యం ఉండొచ్చు. లాయరు చూడకుండా దాని మీద సంతకం చేయొద్దు. వెళ్లేటప్పుడు లెటర్ ఆఫ్ క్లియరెన్స్ (పాత దేశపు ఫెడరేషన్ ఇచ్చే అనుమతి పత్రం) కావాలి, అది లేనిదే కొత్త దేశపు ఫెడరేషన్ మిమ్మల్ని నమోదు చేయదు. మీకు ఎన్‌బీఏ ఆశ ఉంటే ఏ తేదీలోగా, ఎంత కట్టి ఈ ఒప్పందం నుంచి బయటపడవచ్చో ముందే రాయించుకోండి.

ఆటలోనూ మార్పు ఉంది. ఫీబా మ్యాచ్ 40 నిమిషాలే, మూడు పాయింట్ల గీత 6.75 మీటర్లు. డిఫెండర్ ఎవరినీ కాయకుండా బుట్ట ముందు మూడు సెకన్లకు మించి నిలబడకూడదన్న ఎన్‌బీఏ నిబంధన ఇక్కడ లేదు కాబట్టి పొడుగు ఆటగాడు బుట్ట కిందే నిలబడతాడు. డ్రైవ్ (బంతితో బుట్ట వైపు దూసుకెళ్లడం) మీద బతికినవాడు మొదటి నెలలో తడబడేది అందుకే. వేసవిలోనే పరుగు ఆపి వేసే మధ్య దూరపు షాట్, మూలకు విసిరే పాస్ సాధన చేసుకుని వెళ్లాలి.

ఈ దారి వెనక్కి కూడా తిరుగుతుంది. పీజే టకర్‌ను 2006లో టొరంటో 35వ ఎంపికగా తీసుకుని ఏడాది తిరక్కుండానే వదిలేసింది. ఇజ్రాయెల్, ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, జర్మనీల్లో ఐదేళ్లు ఆడి, డిఫెన్స్‌నే వృత్తిగా మార్చుకుని 2012లో ఫీనిక్స్‌కు వచ్చాడు. 2021లో మిల్వాకీతో టైటిల్ గెలిచాడు. 2015లో డల్లాస్ 52వ ఎంపికగా తీసుకున్న మన సత్నాం సింగ్ మాత్రం డల్లాస్ అనుబంధ చిన్న లీగ్ జట్టు టెక్సాస్ లెజెండ్స్ దాటి ఎన్‌బీఏ కోర్టు మీద అడుగు పెట్టలేకపోయాడు. డ్రాఫ్ట్‌లో పేరు వచ్చినంత మాత్రాన చోటు ఖాయం కాదు.

ముప్పై దాటాక

ఎన్‌బీఏలో కనీస జీతం అనుభవంతో పెరుగుతుంది. 2024-25లో పదేళ్లు దాటినవాడికి సుమారు 33 లక్షల డాలర్లు. అంత ఖరీదైనవాణ్ని జట్టు ఎందుకు తీసుకుంటుంది? ఒక ఏడాది కనీస ఒప్పందమైతే, రెండేళ్ల అనుభవం ఉన్నవాడి కనీసం (సుమారు 20.9 లక్షలు) పైన పడేదంతా లీగే భరిస్తుంది, జట్టు జీతాల పరిమితి లెక్కలోనూ ఆ చిన్న మొత్తమే చూపుతారు. రెండేళ్ల ఒప్పందం అడిగితే ఈ వెసులుబాటు పోతుంది. కాబట్టి ఈ వయసులో ఏడాదికే సంతకం చేయడం తెలివైన పని. జట్టు నుంచి బయటపడాల్సి వస్తే మార్చి 1లోపు విడుదల చేయించుకోండి, ఆ తేదీ దాటితే ఆ ఏడాది ఇంకే జట్టుకూ ప్లేఆఫ్స్ ఆడలేరు. ఎన్‌బీఏ పెన్షన్‌కు మూడు సీజన్ల సర్వీసు కావాలి. రెండు పూర్తయి మూడో దానికి అవకాశం ఉంటే, విదేశంలో వచ్చే ఎక్కువ డబ్బును ఒక ఏడాది పక్కన పెట్టినా నష్టం లేదు.