చిన్న ద్వీపం, పెద్ద లెక్క: వాణిజ్య గణాంకాలు నమ్మేముందు ఇలా సరిచూసుకోండి

2025 ఏప్రిల్ 2న అమెరికా ప్రకటించిన సుంకాల పట్టికలో హర్డ్, మెక్‌డొనాల్డ్ దీవుల పేరు కూడా ఉంది, 10 శాతంతో. ఆస్ట్రేలియాకు చెందిన ఈ దీవులు పెర్త్ నుంచి నైరుతి దిక్కుగా సుమారు 4,000 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి, అక్కడ మంచు, అగ్నిపర్వతం, పెంగ్విన్లు, సీల్స్ తప్ప మనుషులు ఉండరు. అదే పట్టికలో నార్ఫోక్ దీవికి 29 శాతం వేశారు, అదీ ఆస్ట్రేలియాదే, అక్కడ రెండు వేల పైచిలుకు జనం ఉన్నారు. పెంగ్విన్ల ఫొటోలు రెండు రోజులు తిరిగాయి, అందరూ నవ్వుకున్నారు, మర్చిపోయారు. నాకు మాత్రం ఆ సుంకాలకు ఆధారమైన వాణిజ్య లెక్క ఎక్కడ పుట్టింది అన్నదే అసలు విషయం అనిపించింది, ఎందుకంటే హైదరాబాద్‌లో ఎగుమతి కాగితాల పని చేసే మాలాంటివాళ్ళు రోజూ నింపే గడుల నుంచే దేశాల వాణిజ్య లెక్కలు తయారవుతాయి.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివేవాళ్ళకీ, వార్తలు రాసేవాళ్ళకీ, సనత్‌నగర్ ఐసీడీ (కంటైనర్ డిపో)లోనో శంషాబాద్ కార్గోలోనో కొత్తగా షిప్పింగ్ బిల్లులు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రాలు) వేస్తున్నవాళ్ళకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఒక పెద్ద దేశానికీ ఒక బుల్లి ద్వీపానికీ మధ్య ఇంత వ్యాపారం జరిగిందని ఎక్కడైనా చదివితే, మొదట అడగాల్సింది ఆ లెక్క ఎవరు రాసుకున్నారు అని. ప్రతి సరుకుకీ రెండు వైపులా రికార్డు ఉండాలి, పంపినవాళ్ళ దగ్గర ఎగుమతిగా, తీసుకున్నవాళ్ళ దగ్గర దిగుమతిగా. 2022లో అమెరికా హర్డ్ దీవుల నుంచి 14 లక్షల డాలర్ల సరుకు తెప్పించుకుందని ప్రపంచబ్యాంకు డేటాలో కనిపించింది, అందులో దాదాపు అంతా యంత్రాలు, ఎలక్ట్రికల్ సామానే. అది అమెరికా వైపు రికార్డు మాత్రమే. అవతలి వైపు లెక్క రాసుకునే మనిషే లేడు. ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. ఐక్యరాజ్యసమితి వారి వాణిజ్య డేటా సైట్ కామ్‌ట్రేడ్‌లో చూసి, ప్రపంచబ్యాంకు సైట్‌లో చూసి, ఇంకో చార్టుల సైట్‌లో కూడా చూసి, మూడు చోట్లా ఒకే అంకె ఉంది కాబట్టి నిజమే అనుకుంటారు. ఆ మూడూ ఒకే కస్టమ్స్ రికార్డు నుంచి ఎత్తుకున్నవైతే మీకు దొరికింది ఒక్క సాక్ష్యమే, మూడు కాదు. మన వైపు లెక్క కావాలంటే కేంద్ర వాణిజ్య మంత్రిత్వశాఖ ట్రేడ్‌స్టాట్ సైట్ ఉంది, దేశాన్ని ఎంచుకుని సరుకులవారీగా ఉచితంగా చూడొచ్చు. కాకపోతే మన లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు, చాలా దేశాలది జనవరి నుంచి డిసెంబర్ వరకు. పైగా మనం ఎగుమతిని ఆ ఓడ రవాణా, బీమా కలపని ఎఫ్‌ఓబీ విలువలో, దిగుమతిని రవాణా, బీమా కలిపిన సీఐఎఫ్ విలువలో రాస్తాం. రెండు వైపులా అంకెలు అచ్చు గుద్దినట్టు ఒకటే ఉండవు, ఉండాల్సిన అవసరమూ లేదు. కానీ ఒకవైపు లక్షల డాలర్లు, మరోవైపు సున్నా అంటే మాత్రం ఆగి చూడాలి.

తర్వాత మొత్తం అంకెను పక్కన పెట్టి హెచ్‌ఎస్ కోడ్ (ప్రతి రకం సరుకుకూ ఇచ్చే అంకెల గుర్తు) లోపలికి దిగండి. మొదటి రెండంకెలు చాప్టర్, ఆరంకెల వరకు ప్రపంచమంతా ఒకటే, ఆపైన మన దగ్గర ఎనిమిది, అమెరికాలో పది. 2023లో నార్ఫోక్ దీవి నుంచి అమెరికాకు 6,55,000 డాలర్ల సరుకు వెళ్ళిందని లెక్కల్లో ఉంది, అందులో 4,13,000 డాలర్లు తోలు చెప్పులు, బూట్లే. ఇది చూడగానే అడగాల్సిన ప్రశ్న చాలా మామూలుది: అక్కడ తోలు పరిశ్రమ ఉందా? నార్ఫోక్ బతికేది ముఖ్యంగా టూరిస్టుల మీద, బయటికి పంపేదాంట్లో పేరున్నది కెంటియా అనే తాటి జాతి మొక్క విత్తనాలు. ఇంకో సంగతి, అక్కడ ఓడ వచ్చి ఆగే రేవు కూడా లేదు. సరుకు ఓడ ఒడ్డుకు దూరంగా నిలబడితే, సామానంతా చిన్న పడవల్లోకి దించి, కింగ్‌స్టన్ జెట్టీకో కాస్కేడ్ జెట్టీకో లాక్కొస్తారు, సముద్రం బాగా లేకపోతే ఆ పనీ ఆగిపోతుంది. అలాంటి చోట బూట్ల ఎగుమతి జరుగుతుంటే ఊళ్ళో తెలియనివాళ్ళు ఉండరు. అక్కడి అప్పటి పాలనాధికారి జార్జ్ ప్లాంట్ కూడా తమకు తెలిసి అమెరికాకు ఎగుమతులే లేవని చెప్పారు.

మరి ఆ బూట్లు ఎక్కడివి? విలేకరులు సరుకు కాగితాలు తిరగేస్తే, వేరే చోటి నుంచి వచ్చిన సరుకుకు దీవి పేరు పడ్డ సందర్భాలు బయటపడ్డాయి. ఇంగ్లండ్‌లో నార్ఫోక్ అనే కౌంటీ ఉంది, అమెరికాలోనే వర్జీనియాలో నార్ఫోక్ అనే పెద్ద రేవు ఉంది. ఇక దేశాల కోడ్‌లు రెండక్షరాలవి. హర్డ్ దీవులది హెచ్‌ఎం, హాంకాంగ్‌ది హెచ్‌కే, హోండురాస్‌ది హెచ్‌ఎన్. ఎలక్ట్రికల్ సామాను హర్డ్ దీవుల నుంచి వచ్చిందని కనిపిస్తే నేనైతే ముందు అనుమానించేది డ్రాప్‌డౌన్‌లో పక్కపక్కన ఉండే ఈ పేర్లనే. పసిఫిక్‌లో ఉన్న బుల్లి టోకెలావ్ దీవులది టీకే, చాలామంది అది టర్కీ అనుకుంటారు, టర్కీది టీఆర్. ఆస్ట్రియా ఏటీ, ఆస్ట్రేలియా ఏయూ. పెద్ద దేశం ఖాతాలో ఇలాంటి తప్పు ఒకటి పడితే లక్షల కోట్లలో కలిసిపోతుంది, ఎవరి కంటా పడదు. చిన్న ద్వీపం ఖాతాలో పడితే మాత్రం ఒక్క కంటైనరే ఆ ఏడాది మొత్తం లెక్కను తారుమారు చేస్తుంది. అందుకే ఒక్క ఏడాది అంకె చూసి ఏ నిర్ణయానికీ రావద్దు, కనీసం అయిదారేళ్ళది వరసగా పెట్టి చూడండి. నిజమైన వ్యాపారమైతే ఏటా కాస్త అటూఇటూగా అదే సరుకు కనిపిస్తుంది. ఫాక్‌లాండ్ దీవుల నుంచి స్క్విడ్ ఏళ్ళ తరబడి స్పెయిన్‌కు వెళ్తోంది, సుమారు యాభై మంది ఉండే పిట్‌కెయిర్న్ దీవి నుంచి తేనె వెళ్తోంది. చిన్నవైనా అవి నిజమైన వ్యాపారాలే, కాబట్టి చిన్న ద్వీపం కనిపించగానే తప్పుడు లెక్క అని కొట్టిపారేయడమూ సరికాదు.

దీనికి రివర్స్‌లో కూడా జరుగుతుంది. చిన్న దీవులకు నేరుగా ఓడలు తక్కువ, సరుకు ఏ సింగపూరో న్యూజిలాండో వెళ్ళి అక్కడ మారుతుంది. పంపేవాడు చివరి గమ్యం రాయాల్సిన చోట మధ్యలో దింపే రేవు ఉన్న దేశం రాస్తే, ఆ ద్వీపం కొన్నది మరో దేశం ఖాతాలో పడుతుంది.

చేపల విషయం వేరే, దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి. హర్డ్ దీవుల చుట్టూ సముద్రంలో టూత్‌ఫిష్ అనే ఖరీదైన చేప పడుతుంది, లైసెన్స్ ఉన్న ఆస్ట్రేలియా పడవలు పడతాయి. అయితే అది హర్డ్ దీవుల ఎగుమతేనా అంటే, కాదు. తీరానికి దూరంగా సముద్రంలో పట్టిన చేపకు మామూలుగా ఆ పడవ ఏ దేశంలో రిజిస్టర్ అయితే ఆ దేశమే మూలం. కాబట్టి ఆ చేప ఆస్ట్రేలియాదే. ఓడల అమ్మకాలూ అంతే, ఓనర్ కంపెనీ మార్షల్ దీవుల్లో ఉందంటే ఒక్క ఓడ అమ్మకంతో ఆ దీవుల పేరిట పెద్ద అంకె కనిపించవచ్చు, సరుకు అక్కడి ఒడ్డు చూడకపోయినా. ఎక్కడ తయారైంది, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు అమ్మారు అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. సుంకానికి చూసేది మొదటిదే.

శాతాలు చూస్తే ఇంకా జాగ్రత్త. అప్పుడు అమెరికా వాడిన పద్ధతి చాలా సింపుల్: ఆ దేశంతో సరుకుల్లో ఉన్న లోటును ఆ దేశం నుంచి వచ్చిన దిగుమతితో భాగించి, వచ్చినదాన్ని సగం చేయడం, కనీసం 10 శాతం ఉంచడం. ఉదాహరణకు దిగుమతి 100, ఎగుమతి 42 అయితే లోటు 58, అంటే 58 శాతం, సగం చేస్తే 29. నార్ఫోక్ పక్కన పట్టికలో కనిపించిన అంకెలు కూడా 58, 29. వంద రూపాయల వ్యాపారమైనా వంద కోట్లదైనా ఈ లెక్కకు తేడా తెలియదు. కింద ఉన్న దిగుమతి అంకెలో తప్పు ఉంటే ఆ తప్పే సుంకమై కూర్చుంటుంది. ఆ దీవిలో ఉన్నది రెండు వేల మంది, వాళ్ళు చేయని వ్యాపారానికి వాళ్ళ పేరు ప్రపంచం ముందు పడింది. నాకు బాధ కలిగించే విషయం ఇదే. కాబట్టి ఎవరైనా శాతం చెబితే దాని కింద ఉన్న అసలు మొత్తం ఎంతో అడగండి, అది చెప్పకపోతే ఆ శాతాన్ని ముందుకు పంపకండి.

ఇక కాగితాలు నింపే మనవాళ్ళకు. షిప్పింగ్ బిల్లులో గమ్యస్థాన దేశం, సరుకు దింపే రేవు రెండూ వేర్వేరు గడులు, రెండూ ఒకటే అని ఒకదాన్ని చూసి ఇంకోదాంట్లో కాపీ చేయకండి. దేశం పేరును మొదటి అక్షరం కొట్టి డ్రాప్‌డౌన్ నుంచి ఎంచుకోవడం మానేసి, కొనుగోలుదారు అడ్రస్ మొత్తం చదవండి, ఊరి పేరు కాకుండా దేశం పేరు ఎక్కడుందో చూసి కోడ్ సరిపోల్చండి. పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు నుంచి మందులు పంపేవాళ్ళ ఇన్వాయిస్‌లలో బిల్లు కట్టే కంపెనీ ఒక దేశంలో, సరుకు దిగేది ఇంకో దేశంలో ఉండటం మామూలే, అలాంటప్పుడు పార్టీకి ఫోన్ చేసి అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అర్జెంటు, కటాఫ్ టైమ్ దాటిపోతోంది అని టెన్షన్ పెడతారు, అయినా సరే అడగండి.

తప్పు పడిందని తెలిస్తే దాన్ని అలాగే వదిలేయొద్దు. కస్టమ్స్ చట్టం 1962లో సెక్షన్ 149 కింద పత్రాల సవరణకు అవకాశం ఉంది. సరుకు ఇంకా వెళ్ళకముందైతే పని తేలిక. వెళ్ళిపోయాక అయితే, ఎగుమతి జరిగిన నాటికే ఉన్న పత్రాలను ఆధారంగా చూపాలి, తర్వాత తయారుచేసిన ఉత్తరం చెల్లదు. అందుకే పర్చేజ్ ఆర్డర్, ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్ కాపీలు ఆ రోజే తేదీతో సహా ఫైల్‌లో పెట్టుకోండి, పార్టీతో గమ్యం గురించి మాట్లాడుకున్న మెయిల్ కూడా వాటితోనే ఉంచండి.