సింట్రోపిక్ తోటకు అంతస్తుల ప్లాన్ గీయడం ఎలా?

స్విట్జర్లాండ్ నుంచి వెళ్లి బ్రెజిల్‌లోని బయియాలో స్థిరపడిన రైతు ఎర్న్‌స్ట్ గోచ్, బీడుపడ్డ నేలలో కోకో పెంచుతూ రూపొందించిన పద్ధతి సింట్రోపిక్ సాగు. వెలుగు అవసరాన్ని బట్టి రకరకాల మొక్కల్ని అంతస్తులుగా కలిపి ఒకే సాలులో దట్టంగా నాటడమే ఇది. మాటలన్నీ పోర్చుగీసువే. వాటిని తప్పుగా అర్థం చేసుకుంటే తోటే తప్పుతుంది.

కావలసినవి గళ్ల కాగితం, పెన్సిల్, రబ్బరు. కంప్యూటర్‌లో గీయకండి. అందులో పొరను ‘కమాడా’ అంటారు, ఒకదాన్ని దాచేసి ఇంకోదాన్ని చూడొచ్చు. తోటలో ఏ చెట్టునూ అలా దాచలేం. అన్నీ ఒకే కాగితం మీద కనబడాలి.

ముందు పక్క నుంచి చూసినట్టు ఒక సాలు గీయండి. ఈ చిత్తు బొమ్మే ‘క్రోకీ’. దాన్ని అడ్డంగా నాలుగు భాగాలు చేసి, పైనుంచి ఎమెర్జెంటె (అన్నిటినీ మించి పైకి లేచేది), ఆల్తో (పైది), మేడియో (మధ్యది), బైషో (కిందిది) అని రాయండి. వాటి పక్కన 20, 40, 60, 80 శాతం అని వేయండి. ఆ అంతస్తు ఆకులు నేల మీద ఎంత మేర కప్పాలో చెప్పే అంకెలవి. కూడితే 200 వస్తుంది. లెక్క తప్పిందనుకుని 100కి కుదించేవాళ్లను ఎంతమందినో చూశాను. అలా కుదించకండి. పైన పలచగా ఉంటేనే కిందివాటికి వెలుగు దిగుతుంది, అందుకే కింద అంత దట్టంగా నాటగలం.

ఇక అసలు చిక్కు, ఏ మొక్క ఏ అంతస్తులోకి వెళ్తుందన్నది. ఈ అంతస్తును ‘ఎస్త్రాతో’ అంటారు. ఎత్తును ‘అల్తూరా’ అంటారు. రెండూ ఒకటి కాదు. ఈ ఒక్క మాట దగ్గరే ప్లాన్లు చెడిపోతున్నాయి. బొప్పాయి మామిడి కంటే చాలా పొట్టి, అయినా అది ఎమెర్జెంటె. మామిడి ఆల్తో. మొక్కజొన్న కూడా ఎమెర్జెంటెనే. కోకో మనిషిని మించి పెరిగినా బైషోనే. స్కేలు పెట్టి కొలవకండి. తనతోపాటు బతికే మొక్కల మధ్య దీని నెత్తిన పూర్తి ఎండ పడాలా, నీడ చాలా అని అడగండి.

వయసు కూడా చూడాలి. మొక్కజొన్న కొన్ని నెలల్లో వెళ్లిపోతుంది, ఆ చోటు బొప్పాయి తీసుకుంటుంది, కొన్నేళ్లకు యూకలిప్టస్ దాన్ని దాటిపోతుంది. మూడూ ఎమెర్జెంటెలే, కానీ వంతులవారీగా. ఆయుష్షూ అంతస్తూ రెండూ ఒకటైన మొక్కల్ని పక్కపక్కన పెడితే అవి వెలుగు కోసం కొట్టుకుంటాయి. అందుకే ఆరు నెలలకు, మూడేళ్లకు, పదేళ్లకు వేరువేరు కాగితాలు గీయాలి. ఒక్క కాగితంతో సరిపెట్టే ప్లాన్‌ను నేను ప్లాన్ అనను.

ప్రతి కాగితం అంచున ‘పోడా’, అంటే కొమ్మలు నరికే పని, ఎప్పుడో రాయండి. యూకలిప్టస్‌ను నరకకుండా వదిలేస్తే 20 శాతం దాటి కోకో చీకట్లో పడుతుంది. నరికిన కొమ్మల్ని ఆ సాలులోనే పరచాలి.

చివరగా గుంతల గుర్తులు. మామూలుగా గుంతను ‘కోవా’ అంటారు, ఆ మాటకు సమాధి అనే అర్థం కూడా ఉంది. ఈ రైతులు మాత్రం ‘బెర్సో’ అంటారు, అంటే ఊయల. మీ కాగితం మీద కూడా బెర్సో అనే రాయండి.