మాంటెలుకాస్ట్ మాత్రతో ఇబ్బందులు: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

చలి మొదలైందంటే మెడికల్ షాపు కౌంటర్ దగ్గర పదే పదే వినపడే మాట, "మాంటెక్ ఎల్‌సి ఒక షీటు ఇవ్వండి". కొందరి చేతిలో రెండేళ్ల కిందటి చీటీ ఉంటుంది, కొందరికి అదీ ఉండదు. తుమ్ములకు, ముక్కు కారడానికి, రాత్రి దగ్గుకు, పిల్లి కూతలకు, అన్నింటికీ అదే మాత్ర. నిజానికి ఇది డాక్టరు రాస్తేనే అమ్మాల్సిన మందు. షీటు మీద ఉండే ఎర్రగీతకు అర్థం అదే.

ఇబ్బంది ఏదైనా ముందు చేయాల్సిన పని ఒకటుంది. షీటు వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. మాంటెయిర్ ఎల్‌సి, మాంటెక్ ఎల్‌సి, టెలికాస్ట్ ఎల్ అని పేర్లు వేరైనా లోపల ఉన్నవి అవే రెండు మందులు. మాంటెలుకాస్ట్ 10 ఎంజీ, లెవోసెట్రిజిన్ 5 ఎంజీ. మొదటిది లూకోట్రైన్లను అడ్డుకుంటుంది. గాలిగొట్టాలు బిగుసుకోవడానికి, కఫం ఊరడానికి కారణమయ్యే రసాయనాలవి. రెండోది హిస్టమిన్‌ను అడ్డుకుని తుమ్ములు, దురద తగ్గిస్తుంది. కింద చెప్పబోయే సమస్యల్లో చాలావాటిని ఈ రెంటిలో దేని ఖాతాలో వేయాలో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. తెలియకుండా మొత్తం మానేయడం వల్లా, రెట్టింపు వేసుకోవడం వల్లా చిక్కులు ముదురుతున్నాయి.

ఆయాసం ఎక్కింది, మాత్ర వేసినా తగ్గట్లేదు

తగ్గదు. మాంటెలుకాస్ట్ రోజూ వేసుకుంటే ఆయాసం రాకుండా కాచే మందు, వచ్చిన ఆయాసాన్ని అప్పటికప్పుడు దించేది కాదు. ఉబ్బసం ఎక్కాక ఇంకో మాత్ర మింగి కూర్చోవడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే.

అప్పుడు కావాల్సింది సాల్బుటమాల్ ఇన్‌హేలర్. మనవాళ్లు ఎక్కువగా ఆస్తాలిన్ అంటారు. కొందరికి డాక్టర్లు బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌నే అత్యవసరానికి కూడా వాడమంటారు. మీకు ఏది చెప్పారో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మనిషిని పడుకోబెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టండి. డాక్టరు వేరే లెక్క రాసి ఇవ్వకపోతే సాల్బుటమాల్ 4 పఫ్‌లు స్పేసర్‌లో (ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం) ఒక్కొక్కటిగా ఇవ్వండి. ఒక్కో పఫ్‌కూ నాలుగైదు సార్లు ఊపిరి పీల్చనివ్వండి. 20 నిమిషాల్లో తేడా కనపడకపోతే మళ్లీ ఇస్తూ ఆసుపత్రికి బయల్దేరండి.

వాక్యం పూర్తిగా పలకలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతున్నా, మనిషి మగతగా జోగుతున్నా 20 నిమిషాలు ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి మాత్రం నీరసించిపోతుంటే తగ్గిందని సంబరపడొద్దు. లోపలికి గాలే వెళ్లట్లేదేమో అని భయపడాల్సిన గుర్తు అది.

నెల రోజులు వాడినా రాత్రి దగ్గు, పిల్లికూతలు పోలేదు

మొదటి అనుమానం మాత్ర మీద కాదు, ఇన్‌హేలర్ మీద పెట్టుకోండి. ఉబ్బసానికి అసలు మందు పీల్చే స్టెరాయిడ్. మాంటెలుకాస్ట్ దానికి తోడు మాత్రమే, బలం దానికంటే తక్కువ. కానీ మన ఇళ్లలో జరిగేది తలకిందులు. "ఇన్‌హేలర్ అలవాటవుతుంది" అని దాన్ని బీరువాలో పెట్టి మాత్ర ఒక్కటే మింగుతారు. ఇన్‌హేలర్ అలవాటయ్యే మందు కాదు. అందులో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఆడపిల్ల చేతిలో ఇన్‌హేలర్ కనపడితే సంబంధాలు తప్పిపోతాయని దాచే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. ఆ దాపరికానికి మూల్యం ఆ పిల్ల ఊపిరితిత్తులు చెల్లిస్తాయి.

ఇన్‌హేలర్ వాడుతున్నారు కానీ గుణం లేదంటే వాడే తీరు చూడాలి. రోటాహేలర్‌లో వేసే క్యాప్సూల్‌ను మంచినీళ్లతో మింగేసేవాళ్లు ఉన్నారంటే నవ్వొస్తుంది గానీ, ఆ తప్పు వాళ్లది కాదు, చూపించకుండా చేతిలో పెట్టినవాళ్లది. పొడి పీల్చే రోటాహేలర్ అయితే బలంగా, వేగంగా లాగాలి. నొక్కితే మందు చిమ్మే పంపు రకం అయితే దానికి పూర్తిగా వ్యతిరేకం: బాగా ఊపి, ఊపిరి మొత్తం వదిలి, నోట్లో పెట్టుకుని నొక్కుతూనే నెమ్మదిగా, లోతుగా పీల్చి 10 సెకన్లు బిగపట్టాలి. చెయ్యి, ఊపిరి కలవకపోతే స్పేసర్ కొనుక్కోండి. పిల్లలకూ పెద్దవాళ్లకూ అది లేకుండా మందు సగం గొంతులోనే ఆగిపోతుంది. స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి గుడ్డతో తుడవకుండా ఆరబెట్టాలి. తుడిస్తే ప్లాస్టిక్‌లో పుట్టే విద్యుత్తు మందును గోడలకు అంటిస్తుంది. పంపు ఊపితే గలగలమంటోంది కాబట్టి మందు ఉందనుకోవద్దు. మందు అయిపోయాక కూడా గ్యాస్ చిమ్ముతుంది. వెనక అంకె కనపడే రకమైతే దాన్ని నమ్మండి, లేకపోతే మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద రాసుకోండి.

స్టెరాయిడ్ పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. నాలుక మీద తెల్లపూత, గొంతు బొంగురు వస్తే చాలాసార్లు కారణం పుక్కిలించకపోవడమే.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తగ్గలేదంటే ఇల్లు చూడండి. దోమల బత్తి, అగరుబత్తి పొగ, బొద్దింకలు, పరుపుల్లోని దుమ్ము పురుగులు, ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ, వరిగడ్డి తగలబెట్టిన పొగ, ఇంట్లో కారం దంచిన రోజు. పొగ తాగేవాళ్లు ఇంట్లో ఉంటే ఏ మందూ పూర్తిగా పనిచేయదు. సాల్బుటమాల్ వారానికి రెండుసార్లకు మించి అవసరపడుతోందంటే ఉబ్బసం అదుపులో లేదని లెక్క. ఇంకో షీటు కొనేముందు డాక్టరును కలవండి.

మృగశిర కార్తెకు హైదరాబాద్ వెళ్లి బత్తిని వారి చేప ప్రసాదం మింగి వచ్చేవాళ్లకు ఒక్క మాట. వెళ్లడం, మానడం మీ ఇష్టం. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందని శాస్త్రీయంగా రుజువు లేదు కాబట్టి ఇన్‌హేలర్ మాత్రం ఒక్కరోజు కూడా ఆపొద్దు. జూన్‌లో తొలకరి, వైరస్ జ్వరాలు అదే సమయానికి వస్తాయి.

పీడకలలు, చిరాకు, ఏడుపు, మనిషే మారిపోయినట్టుంది

ఈ సమస్య గురించి మన దగ్గర చెప్పేవాళ్లు తక్కువ. 2020 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మాంటెలుకాస్ట్ మీద తన హెచ్చరికల్లో అత్యంత తీవ్రమైన రకాన్ని, అంటే డబ్బా కట్టి అచ్చువేసే హెచ్చరికను తప్పనిసరి చేసింది. మందు వాడుతున్న కొందరిలో పీడకలలు, నిద్రపట్టకపోవడం, కోపం, కుంగుబాటు, లేనివి కనపడటం, చచ్చిపోవాలన్న ఆలోచనలు గమనించారు. చాలామందికి ఏమీ కాదు. కానీ ఎవరికి అవుతుందో ముందే చెప్పే పరీక్ష లేదు. అంతకుముందు మనసుకు సంబంధించిన జబ్బేమీ లేనివాళ్లకూ రావచ్చు. వేసుకున్న కొద్దిరోజుల్లో రావచ్చు, నెలల తర్వాతా రావచ్చు, కొందరిలో ఆపేశాక కూడా కొంతకాలం ఉండొచ్చు.

పిల్లల్లో దీన్ని పట్టుకోవడం కష్టం. అర్ధరాత్రి కేకపెట్టి లేస్తే దిష్టి తగిలిందంటాం, ఎర్రనీళ్లు తిప్పి పోస్తాం. తమ్ముణ్ణి కొడుతుంటే మొండితనం అంటాం. పదో తరగతి పిల్ల ముభావంగా ఉంటే పరీక్షల ఒత్తిడి అంటాం. అవన్నీ నిజమే కావచ్చు. అయినా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది మొదలైంది మాత్ర మొదలుపెట్టాకేనా?

అవునని అనిపిస్తే మాంటెలుకాస్ట్ ఆపి, ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. ఈ మందును మెల్లమెల్లగా తగ్గించాల్సిన అవసరం లేదు. ఆపేది ఆ మాత్ర ఒక్కటే సుమా, ఇన్‌హేలర్లు కాదు. చచ్చిపోవాలన్న మాట నోట వచ్చిందంటే మనిషిని ఒంటరిగా వదలకండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం ఎదురుగా కనపడుతుంటే నేరుగా ఆసుపత్రికే. తర్వాత తీరిక చూసుకుని 1800-180-3024 నంబరుకు మందు దుష్ప్రభావంగా నమోదు చేయించండి. అది దేశవ్యాప్త ఔషధ నిఘా కార్యక్రమం టోల్‌ఫ్రీ నంబరు, రోగులు కూడా చెప్పొచ్చు.

తుమ్ములు, ముక్కు కారడం మాత్రమే ఉండి ఉబ్బసం లేనివాళ్లకు అదే ఎఫ్‌డీఏ ఇచ్చిన సలహా ఏమిటంటే, మిగతా అలర్జీ మందులు పనిచేయనప్పుడు, లేదా పడనప్పుడు మాత్రమే మాంటెలుకాస్ట్ వాడాలి. మన దగ్గర రెండు తుమ్ములకే ఇది మొదటి మందైపోవడం నాకు మింగుడుపడదు. ఫ్లుటికాసోన్, మోమెటాసోన్ వంటి ముక్కు స్ప్రేలు వేసి చూశారా అని డాక్టరును అడగడంలో తప్పులేదు. ఆ స్ప్రే గుణం కనపడటానికి కొన్ని రోజులు పడుతుంది. కొట్టేటప్పుడు మొన ముక్కు మధ్య గోడ వైపు కాకుండా బయటి వైపు ఉండాలి, లేకపోతే రక్తం వస్తుంది.

పగలంతా మత్తు

ఈ ఫిర్యాదు ఖాతా లెవోసెట్రిజిన్‌ది. మాత్ర రాత్రి పడుకునే ముందు వేసుకోండి. అయినా పొద్దున బండి నడుపుతుంటే తూగుతున్నారంటే ఇంట్లో ఇంకేం మింగుతున్నారో చూడండి. జలుబు మాత్రల్లో చాలావాటిలో సెట్రిజినో, క్లోర్‌ఫెనిరమినో ఉంటుంది. దగ్గు సిరప్పుల్లోనూ ఉంటుంది. ఎల్‌సి మాత్రతో అది కలిస్తే ఒకే పనిచేసే మందు రెండుసార్లు పడ్డట్టు. ఇద్దరు డాక్టర్లు రెండు బ్రాండ్లు రాస్తే మాంటెలుకాస్టే రెండుసార్లు పడటం కూడా చూస్తుంటాం. మద్యం తాగే రోజు మత్తు ఇంకా పెరుగుతుంది.

లెవోసెట్రిజిన్ కిడ్నీల గుండా బయటికి పోతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకు, పెద్ద వయసువాళ్లకు అది ఒంట్లో నిలిచిపోతుంది. డోసు తగ్గించాలి, జబ్బు ముదిరితే అసలు వాడకూడదు. కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు డాక్టరుకు చూపించాకే మొదలుపెట్టండి. మత్తు తట్టుకోలేకపోతే ఫెక్సోఫెనడిన్ ఉన్న రకానికి మార్చమని అడగొచ్చు. దాన్ని పండ్లరసంతో కాకుండా నీళ్లతోనే వేసుకోవాలి, రసం దాన్ని ఒంటికి పట్టనివ్వదు.

మానేశాక ఒళ్లంతా దురద

ఇదీ లెవోసెట్రిజిన్ ఖాతాలోదే. దాన్ని నెలల తరబడి, ఏళ్ల తరబడి రోజూ వాడి ఒక్కసారిగా ఆపినవాళ్లలో కొందరికి కొద్దిరోజుల్లోనే తీవ్రమైన దురద వస్తుంది. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ రెండింటి మీదా ఎఫ్‌డీఏ 2025 మేలో ఈ హెచ్చరిక ఇచ్చింది. అరుదే, కానీ "అలర్జీ తిరగబెట్టింది" అనుకుని జీవితాంతం మాత్ర పట్టుకుని ఉండటానికి ఇదొక కారణం. మళ్లీ మొదలుపెట్టి నెమ్మదిగా తగ్గించుకుంటూ రావడం కొందరికి పనిచేసింది. ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

తుమ్ములు తగ్గాయి, ముక్కు దిబ్బడ పోలేదు

లెవోసెట్రిజిన్ వంటి యాంటీహిస్టమిన్లు దిబ్బడ మీద అంతగా పనిచేయవు. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు వేస్తున్నారేమో చూడండి. అవి ఐదు రోజులు దాటితే దిబ్బడను తగ్గించే బదులు పెంచుతాయి.

వేరే మాత్ర వేసుకున్నాక ఆయాసం

ఒళ్లు నొప్పులకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ పడని ఉబ్బస రోగులుంటారు, ముఖ్యంగా ముక్కులో పాలిప్స్ (మెత్తగా పెరిగే కండ) ఉన్నవాళ్లలో. మాంటెలుకాస్ట్ వాడుతున్నాం కదా అని అవి వేసుకోవచ్చనుకోవద్దు. మైగ్రేన్‌కు, గుండెదడకు ఇచ్చే ప్రొప్రనలాల్ గాలిగొట్టాలను బిగిస్తుంది. గ్లకోమాకు వేసే టిమోలాల్ కంటి చుక్కలూ అంతే, కంట్లో వేసేదే కదా అని ఎవరూ చెప్పరు. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఫెనిటోయిన్, ఫెనోబార్బిటాల్ వాడేవాళ్ల రక్తంలో మాంటెలుకాస్ట్ తగ్గిపోతుంది.

ఊళ్లో ఆర్‌ఎంపీ పొట్లంలో కట్టిచ్చిన చిన్న తెల్ల మాత్రతో ఆయాసం చిటికెలో తగ్గిందంటే అది స్టెరాయిడ్ అయ్యే అవకాశం ఎక్కువ. పేరు అడిగి రాయించుకోండి. వారాల తరబడి వాడి ఉంటే మీ అంతట మీరు ఆపొద్దు.

మర్చిపోతే, పిల్లలకైతే, గర్భిణులకైతే

ఒకరోజు మర్చిపోతే మర్నాడు మామూలుగా ఒకటే. పిల్లలకు మాంటెలుకాస్ట్ 2 నుంచి 5 ఏళ్ల వరకు 4 ఎంజీ, 6 నుంచి 14 వరకు 5 ఎంజీ, 15 నుంచి పెద్దల డోసు. నాన్న ఎల్‌సి మాత్రను సగం విరిచి పెట్టకండి, రెండో మందు లెక్క తప్పుతుంది. కడుపుతో ఉన్నామని తెలియగానే అన్నీ ఆపేయడం బిడ్డకు మేలు కాదు. తల్లికి ఊపిరాడకపోతే బిడ్డకూ ఆడదు. ఏది ఉంచాలో, ఏది మార్చాలో డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి.

పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లేవాళ్లకు

ఆరు నెలలకు సరిపడా షీట్లు సూట్‌కేసులో వేసుకుని వెళ్తుంటారు. అక్కడ ఈ రెండూ కలిసిన మాత్ర దొరకదు. లెవోసెట్రిజిన్ చీటీ లేకుండానే అమ్ముతారు, మాంటెలుకాస్ట్‌కు చీటీ కావాలి, సాల్బుటమాల్‌ను అల్బుటెరాల్ అంటారు. అందుకని డాక్టరు చేత బ్రాండు పేర్లతో పాటు లోపలి మందుల పేర్లు, డోసులు రాయించుకుని ఆ కాగితాన్ని ఇన్‌హేలర్‌తో సహా చేతిసంచిలో పెట్టుకోండి. చెకిన్ పెట్టెలో పెట్టిన ఇన్‌హేలర్ విమానంలో అందదు.