ఆట చదవడం నేర్చుకుందాం – 5వ పాఠం: గోల్స్ పడుతున్నాయంటే లోపం కోచ్‌దా, ఆటగాళ్లదా?

గత పాఠంలో డిఫెన్స్ లైను ఎప్పుడు ముందుకు జరగాలో, ఎప్పుడు వెనక్కి తగ్గాలో చూశాం. బంతి ఉన్న ప్రత్యర్థి మీద ఒత్తిడి ఉంటే ముందుకు. అతను తలెత్తి తీరిగ్గా చూసుకుంటుంటే వెనక్కి. ఈ పాఠానికి ఆ ఒక్క ముక్క గుర్తుంటే చాలు.

ఒక ఫుట్‌బాల్ జట్టు వరసగా గోల్స్ ఇచ్చుకుంటోందనుకోండి. నాలుగో మ్యాచ్‌కల్లా అభిమానులు రెండుగా చీలిపోతారు. కోచ్‌ని మార్చాలని కొందరు, ఈ డిఫెండర్లతో ఎవరొచ్చినా ఇంతేనని కొందరు. ఇద్దరూ చూపించేది అదే స్కోరు. కానీ జవాబు స్కోరులో ఉండదు. దాన్ని వెతకడానికి ఓ నోట్‌బుక్, కాస్త ఓపిక కావాలి.

పన్నెండు సెకన్లు వెనక్కి

టీవీ రీప్లే గోల్‌కి ముందు మూడు నాలుగు సెకన్లే చూపిస్తుంది. ఆ కాస్తలో బంతికి దగ్గరగా ఉన్నవాడే దోషిలా కనిపిస్తాడు. అందుకే మొదటి అలవాటు ఇది: వీడియోని కనీసం పన్నెండు సెకన్లు వెనక్కి తిప్పండి. బంతిని వదిలేసి, గోల్ ఇచ్చిన జట్టువాళ్లను మాత్రమే చూడండి.

తరచూ కనిపించే ఒక గోల్ తీసుకుందాం. ప్రత్యర్థి వింగర్ కుడివైపు గోల్ లైన్ దాకా వెళ్లి, బంతిని వెనక్కి, పెనాల్టీ స్పాట్ వైపు కట్‌బ్యాక్ చేశాడు. పరుగున వచ్చిన మిడ్‌ఫీల్డర్ ఒక్క టచ్‌తో కొట్టేశాడు. రీప్లేలో మనకు కనిపించేది సెంటర్ బ్యాక్, అంటే మధ్యలో ఆడే డిఫెండర్. జారుతూ కాలు చాపాడు, అందలేదు. అందరూ అతన్నే తిట్టారు.

ఇప్పుడు వెనక్కి తిప్పండి. పన్నెండు సెకన్ల కిందట బంతి ప్రత్యర్థి సగంలో పోయింది. అప్పటికి లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) బాగా ముందున్నాడు. అతను ఖాళీ చేసిన చోటుకి డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ పరిగెత్తాడు. దాంతో పెనాల్టీ బాక్స్ ముందు భాగం ఖాళీ అయింది. పక్కనున్న రెండో మిడ్‌ఫీల్డర్ అటు చూశాడు, కానీ నడుస్తూనే ఉన్నాడు. సెంటర్ బ్యాక్ ఇద్దర్నీ చూసుకోవాలి: గోల్ ముందున్న స్ట్రైకర్‌ని, వెనకనుంచి వస్తున్న మిడ్‌ఫీల్డర్‌ని. అతను స్ట్రైకర్‌ని పట్టుకున్నాడు. నా లెక్కలో అతను చేసింది సరైన పనే.

మరి తప్పు నడిచినవాడిదా, లెఫ్ట్ బ్యాక్‌ని అంత ముందుకు పంపిన కోచ్‌దా? ఒక్క గోల్‌తో తేలదు. ఇలాంటివి అయిదారు పోగయ్యాక ఒకటే ప్రశ్న వేయండి: తప్పు మనిషి వెంట తిరుగుతోందా, చోటు వెంట తిరుగుతోందా?

ఆ మిడ్‌ఫీల్డర్‌ని తీసేసి ఇంకొకర్ని పెట్టినా అదే చోటు ఖాళీ అవుతుంటే, ఆ ఖాళీని ఎవరు నింపాలో ఎవరికీ చెప్పలేదన్నమాట. అది కోచ్ పని. చోటు మారుతున్నా, కుడివైపు ఆడినా ఎడమవైపు ఆడినా, ఒకే మనిషి ఆలస్యంగా వస్తుంటే అది ఆటగాడి లోపం. ఇంకో గుర్తు కూడా ఉంది. గోల్ పడ్డాక ఇద్దరు డిఫెండర్లు ఒకరినొకరు చూసుకుంటూ చేతులు చాపుతున్నారా? ఇద్దరూ ‘అది నీ పని కదా’ అనుకున్నారంటే, ఆ పని ఎవరిదో స్పష్టంగా తెలియదన్నమాట. నేను ఈ చేతుల్ని చాలా శ్రద్ధగా చూస్తాను.

ఒక్క మ్యాచ్‌లో ఏడు గోల్స్

2020 అక్టోబర్ 4న ఆస్టన్ విల్లా లివర్‌పూల్‌ని 7–2తో ఓడించింది. లివర్‌పూల్ అప్పటికి ప్రీమియర్ లీగ్ ఛాంపియన్. వాళ్ల మేటి సెంటర్ బ్యాక్ వర్జిల్ వాన్ డైక్ మైదానంలోనే ఉన్నాడు. ఏడు గోల్స్ కదా, అంతా డిఫెండర్ల తప్పే అనిపిస్తుంది. నోట్‌బుక్‌లో మాత్రం అవి ఒకే గళ్లో పడవు.

మొదటి గోల్ నాలుగో నిమిషంలో. గాయంతో లివర్‌పూల్ గోల్‌కీపర్ ఆలిసన్ లేడు, గోల్‌లో ఆడ్రియాన్ ఉన్నాడు. అతను ఇచ్చిన పాస్‌ని విల్లా ఆటగాడు జాక్ గ్రీలిష్ మధ్యలో అందుకుని ఓలీ వాట్కిన్స్‌కి ఇచ్చాడు. ఇది పూర్తిగా ఆటగాడి పొరపాటు. ఆ రాత్రి మూడు గోల్స్ డిఫెండర్లకు తగిలి దారి మళ్లినవి. అందులో అదృష్టం పాలు చాలా ఉంది, అయినా అంత సులువుగా షాట్ కొట్టనిచ్చింది ఎవరన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఇక చివరి గోల్‌లో గ్రీలిష్ హై లైన్ (బాగా ముందుకు జరిగి నిలబడ్డ డిఫెన్స్ లైను) వెనక ఖాళీలోకి ఒంటరిగా పరిగెత్తాడు. ముందు బంతి మీద ఒత్తిడి లేదు, వెనక లైను మాత్రం పైనే ఉంది. గత పాఠంలో చెప్పుకున్న సూత్రం తప్పింది అక్కడే. అది జట్టు పద్ధతిలో లోపం. వాన్ డైక్ అంతటివాడు ఉన్నా ఆ ఖాళీని ఒక్కడే పూడ్చలేడు.

అదృష్టాన్ని వేరు చేయడానికి ఎక్స్‌జీ పనికొస్తుంది. ఒక షాట్ గోల్ అయ్యే అవకాశం ఎంతో చెప్పే అంకె అది. పెనాల్టీకి దాదాపు 0.76 నుంచి 0.79 ఇస్తారు. ఇచ్చుకున్న ఎక్స్‌జీ కంటే ఇచ్చుకున్న గోల్స్ బాగా ఎక్కువుంటే ముందు గోల్‌కీపర్‌నీ, అదృష్టాన్నీ చూడండి. ఎక్స్‌జీయే ఎక్కువుంటే గోల్‌కీపర్‌ని వదిలేసి, అతని ముందున్న పదిమందినీ చూడండి.

ఒకటి మారి, ఇంకొకటి మారనప్పుడు

కోచ్ మారి ఆటగాళ్లు మారకపోతే, లేదా ఆటగాళ్లు మారి కోచ్ అతనే ఉంటే పోల్చడం సులువు. చెల్సీ 2004–05లో జోసె మోరిన్యో కింద 38 లీగ్ మ్యాచ్‌ల్లో 15 గోల్సే ఇచ్చింది. ముందు సీజన్‌లో 30. కానీ అదే వేసవిలో పీటర్ చెక్, రికార్డో కర్వాల్యో, పావులో ఫెరీరా కూడా వచ్చారు. రెండూ ఒకేసారి మారాయి కాబట్టి ఆ ఉదాహరణతో వాదించకండి.

అదే చెల్సీలో 2020–21 సీజన్ బంగారం లాంటిది. 2021 జనవరిలో కోచ్‌గా ఫ్రాంక్ లాంపార్డ్ పోయి థామస్ టుకెల్ వచ్చాడు. ఇద్దరికీ చెరి 19 లీగ్ మ్యాచ్‌లు. లాంపార్డ్ కింద 23 గోల్స్ పడ్డాయి, టుకెల్ కింద 13. వెనక ముగ్గురు సెంటర్ బ్యాక్‌లతో ఆడించి, అంతకుముందు ఎక్కువగా బెంచ్ మీదున్న ఆంటోనియో రుడిగర్‌ని మళ్లీ నిలబెట్టాడు. మే 29న పోర్టోలో ఛాంపియన్స్ లీగ్ కూడా గెలిచారు.

కోచ్‌దే తేడా అని ఇక్కడ రాసేయొచ్చు. ఒక్క నిమిషం ఆగండి. ఆ 23లో 9 గోల్స్ నాలుగు మ్యాచ్‌ల్లోనే పడ్డాయి. ఆ నాలుగింటిలో గోల్‌కీపర్ ఎడ్వార్డ్ మెండీ లేడు. అతను ఆడిన మిగతా 15లో పడినవి 14. అంటే మెరుగుదలలో కొంత వాటా కొత్త గోల్‌కీపర్‌ది, అతను టుకెల్ కంటే ముందే వచ్చాడు. అలాగే టుకెల్ ఖాతాలోని 13లో అయిదు ఒక్క మ్యాచ్‌లోవే: ఏప్రిల్‌లో వెస్ట్ బ్రామ్‌తో, థియాగో సిల్వాకి రెడ్ కార్డ్ పడి పదిమందితో ఆడాల్సి వచ్చిన రోజున. మిగతా 18లో పడినవి 8. రెండు వైపులా దుమ్ము దులిపినా తేడా నిలిచింది, ఇంకా స్పష్టంగా నిలిచింది. అందుకే ఇక్కడ కోచ్ ప్రభావాన్ని నమ్ముతాను.

దీనికి ఎదురుగా లివర్‌పూల్‌ని పెట్టండి. యుర్గెన్ క్లాప్ అక్కడికి 2015 అక్టోబర్‌లోనే కోచ్‌గా వచ్చాడు. 2016–17లో 42 గోల్స్ ఇచ్చారు, తర్వాతి సీజన్‌లో 38. 2018 జనవరిలో వాన్ డైక్, ఆ వేసవిలో ఆలిసన్, ఫాబినో వచ్చారు. 2018–19లో 22. కోచ్ అతనే, మనుషులు మారారు.

అయితే 2020–21లో జరిగింది ఇంతకంటే ఎక్కువ నేర్పుతుంది. అక్టోబర్‌లో వాన్ డైక్ గాయంతో వెళ్లిపోయాడు, తర్వాత జో గోమెజ్, జోయెల్ మాటిప్ కూడా. క్లాప్ తన మిడ్‌ఫీల్డర్లు ఫాబినోని, హెండర్సన్‌ని సెంటర్ బ్యాక్‌లుగా ఆడించాడు. వాళ్లు ఆ పని బాగానే చేశారు, కానీ మిడ్‌ఫీల్డ్ బోసిపోయింది. సొంత మైదానంలో వరసగా ఆరు లీగ్ మ్యాచ్‌లు ఓడారు. చివరికి అనుభవం తక్కువున్న నాట్ ఫిలిప్స్, ఓజన్ కబాక్, రీస్ విలియమ్స్‌లను వెనక పెట్టి ఫాబినోని మళ్లీ ముందుకు పంపారు. ఆఖరి పది మ్యాచ్‌ల్లో ఎనిమిది గెలుపులు, రెండు డ్రాలు, ఇచ్చిన గోల్స్ ఆరు. పేరు చూస్తే డిఫెండర్లు బలహీనపడ్డారు, డిఫెన్స్ మాత్రం బలపడింది. ఎందుకంటే బంతి ఆ కుర్రాళ్ల దాకా రాకముందే ఆగిపోతోంది. ఈ ఒక్క ఉదాహరణ చూశాకే నేను డిఫెన్స్‌ని నలుగురి పనిగా లెక్కపెట్టడం మానేశాను.

కోచ్ వైపు వాదించేవాళ్లు ఎప్పుడూ ఇటలీ క్లబ్బు మిలాన్‌కి కోచ్‌గా చేసిన ఆరిగో సాక్కి పేరు తెస్తారు. తను అయిదుగురిని, గోల్‌కీపర్ గల్లీతోపాటు టస్సోట్టి, బరేసి, కోస్టకుర్టా, మాల్దీనిలను, పదిమంది దాడికి ఎదురు నిలబెట్టేవాణ్ణని, పదిహేను నిమిషాల్లో వాళ్లు ఒక్క గోల్ కూడా వేయలేకపోయేవారని సాక్కి చెప్పుకున్నాడు. అతని మిలాన్ 1987–88లో 30 మ్యాచ్‌ల్లో 14 గోల్సే ఇచ్చి ఇటలీ లీగ్ గెలిచింది. అభ్యాసం ఎంత చేయగలదో దీంట్లో కనిపిస్తుంది, కాదనను. కానీ ఆ పేర్లు మళ్లీ చదవండి. బరేసి, మాల్దీని ఉన్న వరసతో చేసిన ప్రయోగం ప్రతిభ అక్కర్లేదని ఎలా నిరూపిస్తుంది?

నోట్‌బుక్‌లో ఇంకో గడి కూడా గీయండి: కోచ్ పథకం మంచిదే, ఆటగాడూ మంచివాడే, కానీ ఇద్దరికీ కుదరలేదు. పరుగు నెమ్మదైన సెంటర్ బ్యాక్‌ని హై లైన్‌లో నిలబెడితే వెనకపడ్డ ప్రతి బంతికీ అతనే దొరుకుతాడు. అదే మనిషి పెనాల్టీ బాక్స్‌లో నిలబడి క్రాస్‌లు తలతో కొట్టమంటే గోడలా ఉంటాడు. ఇలాంటప్పుడు తప్పు మనిషి వెంట తిరుగుతున్నట్టే కనిపిస్తుంది, మన పరీక్ష మోసపోతుంది. అందుకని ఆటగాడి మీద నింద రాసేముందు అతను ముందు జట్టులో ఏ పని చేసేవాడో ఒకసారి చూసి రండి.

ఈ వారం అభ్యాసం

మీకు నచ్చిన జట్టు ఇచ్చుకున్న చివరి పది గోల్స్ వెతికి పెట్టుకోండి. ఒక్కో గోల్‌కి పన్నెండు సెకన్లు వెనక్కి వెళ్లి, మొదట ఖాళీ అయిన చోటు ఏదో, ఆ చోటులో ఉండాల్సినవాడు ఎవరో రాయండి. కార్నర్ల మీద పడ్డవి విడిగా పెట్టండి, వాటికి ఆరో పాఠంలో వేరే పద్ధతి చూస్తాం. పేర్ల వరసనీ, చోట్ల వరసనీ పక్కపక్కన పెట్టి, దేనిలో ఒకే మాట ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. రెండిట్లోనూ సమానంగా వస్తే ఇంకో పది గోల్స్ చూడండి.