చేతిలో పట్టే కన్సోల్‌లో సర్వైవల్ షూటర్: ఎక్కువసేపు నిలవాలంటే

ఈ తరహా ఆటలో గెలుపంటూ ఉండదు. శత్రువులు వస్తూనే ఉంటారు, ఎంతసేపు నిలిచామన్నదే లెక్క. అందుకే గురి కంటే ముందు కదలిక నేర్చుకోవాలి.

సోనీ చేతి కన్సోల్ పీఎస్‌పీలో అనలాగ్ స్టిక్ (వేలితో ఎటైనా తోయగల చిన్న మీట) ఒక్కటే, అదీ ఎడమవైపు. దాంతో కదలాలి. రెండో స్టిక్ లేదు కాబట్టి ఇలాంటి ఆటల్లో తరచూ ట్రయాంగిల్, సర్కిల్, క్రాస్, స్క్వేర్ బటన్లకే నాలుగు దిక్కుల కాల్పులు ఇస్తారు. ట్రయాంగిల్, సర్కిల్ కలిపి నొక్కితే గుండు కుడి పై మూలకు వెళ్తుంది. వేలి కొనతో పొడవకండి. బొటనవేలిని పడుకోబెట్టి రెండు బటన్ల మీదా ఒకేసారి ఆనించండి.

అసలు కిటుకు తిరగడంలో ఉంది. స్క్రీన్ మధ్యలో నిలబడితే అన్ని వైపుల నుంచీ చుట్టేస్తారు, మూలకు పోతే దారి మూసుకుపోతుంది. అంచుకు కాస్త ఎడంగా పెద్ద గుండ్రంగా తిరగండి. వెంటపడేవాళ్లు వెనక ఒకే గుంపుగా చేరతారు, వెనక్కి కాలుస్తూ పోవచ్చు. మరీ అంచుకు ఆనుకుంటే అక్కడే కొత్త శత్రువు పుట్టి మీద పడొచ్చు. చూపు మీరు నడిపే ఓడ మీద కాదు, వెళ్లబోయే సందు మీద ఉండాలి.

బాంబు దాచుకుని చచ్చేవాళ్లే ఎక్కువ! తప్పించుకునే దారి ఒక్కటే మిగిలినప్పుడు వాడేయండి. గుంపు అవతల మెరిసే పవర్-అప్ (బలం పెంచే వస్తువు) కోసం మాత్రం ఎగబడొద్దు.

స్టిక్ ముట్టకుండానే ఓడ జరుగుతుంటే సెట్టింగ్స్‌లో డెడ్ జోన్ (స్టిక్ ఎంత కదిలేదాకా ఆట పట్టించుకోదో ఆ మేర) ఉందేమో చూసి కొద్దికొద్దిగా పెంచండి. ఎక్కువ పెంచితే చిన్న కదలికలు అందవు.