తుది సర్క్యూట్ బోర్డును తయారీకి పంపే ముందు: బహుళ యాంటెన్నాల విషయంలో జాగ్రత్తలు

చిన్న వైర్‌లెస్ పరికరంలో రెండు మూడు యాంటెన్నాలు అమర్చేవారు ముందుగా వీటిని సరిచూసుకోవాలి.

• పెట్టె ఆకారం ఖరారు కాకముందే యాంటెన్నాలకు చోటు కేటాయించండి. ఆ చోట బోర్డు ఏ పొరలోనూ రాగి ఉండకూడదు, బ్యాటరీ గానీ డిస్‌ప్లే లోహపు చట్రం గానీ దాని దరికి రాకూడదు. ఆ తరువాత చోటు వెతకడమంటే బోర్డునూ పెట్టె అచ్చునూ మళ్లీ చేయించడమే.

• యాంటెన్నాలను వేర్వేరు మూలల్లో, ఒకదానికొకటి లంబంగా నిలపండి. వాటి మధ్య అర తరంగదైర్ఘ్యం ఎడం ఉంటే మంచిది; వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ వద్ద అది సుమారు 62 మిల్లీమీటర్లు. అంత ఎడం చిన్న బోర్డులో దొరకదు కనుక ధ్రువణ భేదమే, అంటే రెండింటి తరంగాలు వేర్వేరు దిశల్లో కంపించడమే, ఆధారం. అయినప్పటికీ రెండూ పంచుకునే గ్రౌండ్ (బోర్డులోని ఉమ్మడి రాగి పొర) ద్వారా శక్తి ఒకదాని నుంచి మరొకదానికి చేరుతూనే ఉంటుంది. అందుచేత వేరుపాటు (ఒకదాని సంకేతం రెండోదానికి చేరేలోపు ఎంత తగ్గుతుందనే కొలత) కనీసం 15 డెసిబెల్స్ ఉన్నదీ లేనిదీ నమూనా బోర్డుపై కొలిచి తీరాలి, సిమ్యులేషన్ ఒక్కటే చాలదు.

• మన దేశంలో 4జి వాడే 2300–2400 మెగాహెర్ట్జ్ బ్యాండు వైఫైకి ఆనుకునే ఉంటుంది. రెండూ ఒకే పరికరంలో ఉంటే ఒకదాని సంకేతం మరొకదానికి అడ్డు రాకుండా మంచి ఫిల్టరుకు చోటు ఉంచండి.

• ప్రతి యాంటెన్నాకూ మ్యాచింగ్ భాగాల (యాంటెన్నాను రేడియో సర్క్యూట్‌కు సరిపోల్చే కెపాసిటర్లు, ఇండక్టర్ల) కోసం మూడు స్థానాలు వదలండి. వాటి విలువలు చివరికి గాని తేలవు.

• మూత బిగించి, చేత్తో పట్టుకుని కూడా ట్యూనింగ్ పరీక్షించండి. ప్లాస్టిక్కూ చెయ్యీ అనునాద పౌనఃపున్యాన్ని (యాంటెన్నా బాగా పనిచేసే పౌనఃపున్యాన్ని) కిందికి దించుతాయి.